పాదమెరిగిన పాదరక్ష

జొహర్ నమాజు వేళ జైనూరు మస్జిదు ముంగిట నిలిచి చూచినవారికి ఒక చిన్న వింత కనబడుతుంది. వజూ చేసుకొని నల్లాల వద్ద నుండి లోనికి నడచి వచ్చేవారి తడి అడుగులు షాబాదు బండల మీద వరుసగా పడతాయి. ఎండకు అవి నిమిషములో ఆరిపోతాయి గాని, ఆ కొద్ది సేపటిలోనే ఎవరి పాదము ఎటువంటిదో బండ మీద వ్రాసి పెట్టినట్లు ఉంటుంది. కొందరి అడుగులో మడమ, ముందుపాదము, వ్రేళ్ళు స్పష్టముగా కనబడి, బయటి అంచున ఒక సన్నని పట్టీ మాత్రమే వాటిని కలుపుతుంది. కొందరి అడుగు ఇటుక వలె నిండుగా పడుతుంది. మరికొందరిదైతే మడమ ఒక చోట, ముందుపాదము ఒక చోట. నడుమ పొడి బండ తప్ప ఏమీ ఉండదు. మొదటిది సాధారణమైన వంపు గల పాదము, రెండవది చదును పాదము, మూడవది ఎత్తువంపు పాదము. నేడు నగరములలో యంత్రముల మీద నిలబెట్టి, రంగురంగుల చిత్రములు తీసి, రుసుము పుచ్చుకొని చెప్పే సంగతిలో మొదటి భాగము ఇదే.

మేము తెలుగు బోధించేవారము, వైద్యులము కాము. అయినప్పటికీ ఈ విషయమున కలము పట్టడానికి ఇద్దరు మనుషులు కారణము. ఒకడు మా వద్ద చదువుకొన్న విద్యార్థి. మరొకరు ఆ బండల మీదనే యేండ్ల తరబడి నడచిన ఒక పెద్దాయన. మొదటివానికి అక్కరలేని అట్టను అమ్మినారు. రెండవవారికి అక్కరపడిన చెప్పు దొరకలేదు. ఈ రెండు నష్టములకు మూలము ఒక్కటే అని మా అభిప్రాయము: పాదరక్షను పాదపు ఆకారమును చూచి ఎన్నుకోవాలని మనము అనుకొంటున్నాము, ఆ పాదము ఎట్లా నడుస్తున్నది, దానికి నొప్పి ఉన్నదా, అసలు దానికి స్పర్శ ఉన్నదా అని అడగడము లేదు.

విద్యార్థి సంగతి ముందు చెబుతాము. మండలములోని ఒక గూడెము నుండి వచ్చిన పత్తి రైతు బిడ్డ. సైన్యములో చేరాలని అతని కోరిక. తెల్లవారక ముందే ఉట్నూరు రోడ్డు మీద పరుగెత్తి, చెమటతోనే తరగతికి వచ్చేవాడు. ఒకనాడు ఎవరో స్నేహితుడు అతని తడి అడుగును చూచి, "నీది ఫ్లాట్ ఫుట్, నిన్ను తీసుకోరు" అన్నాడు. పిల్లవాడు కుంగిపోయి మా వద్దకు వచ్చినాడు. మేము ఏమి చేసినాము? తెలిసినవారి వలె తలయూపి, నగరములో ఇటువంటి వాటికి అట్టలు చేసి ఇచ్చే దుకాణములు ఉన్నవి, పోయి చూపించుకోమని చెప్పినాము. ఆ సలహా ఇచ్చినది మేమే. ఆ భాగము దాచిపెట్టి మిగిలినది వ్రాయడము న్యాయము కాదు.

ఆ దుకాణములో అతనిని ఒక పలక మీద నిలబెట్టినారు. తెర మీద ఎర్రగా, పచ్చగా పాదములు కనబడినవి. ఆరు మాసములు ఈ గట్టి ఇన్‌సోళ్ళు వేసుకొంటే వంపు దానంతట అది లేస్తుందని చెప్పి 4,200 రూపాయలు తీసుకొన్నారు. అతను వాటిని బూట్లలో పెట్టుకొని పరుగెత్తినాడు. అంతవరకు నొప్పి ఎరుగని పాదములకు లోపలి అంచున బొబ్బలు లేచినవి, ముంగాలి ఎముక వెంట నొప్పి పట్టినది. నొప్పి పట్టినకొద్దీ అట్ట పని చేస్తున్నదని అతని నమ్మకము. నియామకపు పరుగు నాటికి కుంటుతూ పోయి, నాలుగు చుట్లు పూర్తి చేయలేక తిరిగి వచ్చినాడు. మరుసటి యేటికి వయోపరిమితి దాటినది.

ఆ తరువాత ఒక ఎముకల వైద్యుని వద్దకు మేమే తీసుకొని పోయినాము. ఆయన యంత్రము ఏదీ ముట్టుకోలేదు. గోడకు చేయి ఆనించి మునివ్రేళ్ళ మీద నిలబడమన్నారు. నిలబడగానే, నేలకు అంటుకొని ఉండే ఆ చదును పాదములో చక్కని వంపు లేచినది. మడమ లోపలికి తిరిగినది. దిగగానే మళ్ళీ చదునైనది. "ఇది మెత్తని చదును పాదము. వంపు లేక కాదు, బరువు పడినప్పుడు కుంగుతున్నది. నొప్పి లేనప్పుడు దీనికి వైద్యము లేదు, అక్కరా లేదు" అన్నారు. మన సైనిక దళముల అధికారుల నియామకపు వైద్య ప్రమాణములలో కూడా ఈ సంగతి వ్రాసి ఉన్నది: మునివ్రేళ్ళ మీద నిలిచినప్పుడు వంపు తిరిగి వచ్చి, పాదము నొప్పి లేక మెత్తగా కదులుతూ, అభ్యర్థి వ్రేళ్ళ మీద గెంతి పరుగెత్తగలిగితే అతనిని స్వీకరించవచ్చునని. మునివ్రేళ్ళ మీద నిలబడినా వంపు రాని బిరుసు పాదము వేరు. అది వైద్యుడు చూడవలసినది. ఆ తేడా తెలుసుకోవడానికి ఒక గోడ చాలును. మేము ఆ గోడ దగ్గరకు పోక ముందే పిల్లవానిని దుకాణమునకు పంపినాము.

పాదము ఒక్క ఎముక కాదు. ఒక్కొక్క పాదములో 26 ఎముకలు ఉన్నవి. మనిషి అడుగు వేసినప్పుడు మడమ బయటి అంచు ముందుగా నేలను తాకుతుంది. వెంటనే పాదము కొద్దిగా లోపలికి వాలి, వంపు కుంగి, నేల ఎత్తుపల్లములకు అనుగుణముగా వదులవుతుంది. బరువు ముందుకు జరిగే కొద్దీ మళ్ళీ బిగుసుకొని గట్టి మీటవలె మారి, బొటనవ్రేలి మొదలు నుండి శరీరమును ముందుకు తోస్తుంది. అనగా లోపలికి వాలడము రోగము కాదు, అదే నడక. అతిగా వాలి, సమయమునకు తిరిగి బిగుసుకోకపోతేనే చీలమండ లోపలి వైపున, మోకాలిలో బాధ పుడుతుంది. ఎత్తువంపు పాదమునకు దీనికి ఎదురైన కష్టము. అది వాలదు, కుంగదు, దెబ్బను మింగదు. బరువంతా మడమ మీద, ముందుపాదము మీద పడి అక్కడ చర్మము కాయలు కాస్తుంది. కాబట్టి అతిగా వాలే పాదమునకు లోపలి అంచున ఊతము, బిరుసైన పాదమునకు బరువును పంచే మెత్తదనము కావలెనని సూత్రము. సూత్రము మంచిదే. ఆకారమును చూచినంత మాత్రాన నడక తెలిసిపోయిందని అనుకోవడములోనే పొరపాటు ఉన్నది.

దీనిని గట్టిగా పరీక్షించినవారు అమెరికా సైనికులు. అక్కడి సైన్యములోను, వైమానిక దళములోను, మెరైన్ దళములోను క్రొత్తగా చేరినవారిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పాదముద్రను బట్టి తగిన బూట్లు, రెండవ జట్టుకు ముద్రతో నిమిత్తము లేకుండా అందరికీ ఒకే రకము బూట్లు ఇచ్చి, శిక్షణలో ఎవరికి ఎన్ని గాయములు తగిలినవో లెక్క చూచినారు. 2009, 2010 సంవత్సరములలో ప్రకటించిన ఫలితముల ప్రకారము రెండు జట్లకూ చెప్పుకోదగిన తేడా లేదు. పిల్లల విషయములో అంతకు పూర్వమే, 1989లో, మరొక అమెరికను పరిశోధన వెలువడినది. మెత్తని చదును పాదములు గల 129 మంది పిల్లలను తీసుకొని, కొందరికి ప్రత్యేకమైన బూట్లు, అట్టలు వేయించి, కొందరిని ఊరక వదిలి, మూడు సంవత్సరములు గమనించినారు. అట్ట వేసినవారి పాదము, వేయనివారి పాదము ఒకే తీరున ఎదిగినవి. పసిబిడ్డ పాదము పుట్టుకతోనే చదునుగా ఉంటుంది. పదేండ్ల లోపల చాలామందికి వంపు దానంతట అదే ఏర్పడుతుంది. ఆ వచ్చిన వంపును చూపి అట్ట మహిమ అనడము, వర్షాకాలములో వాన కురిపించినానని చెప్పుకోవడము వంటిది.

మనకు దగ్గరలోని మణిపాల్ వైద్యులు 1992లో ప్రకటించిన సంగతి మరింత ఆలోచింపదగినది. 4 నుండి 13 సంవత్సరముల వయసు గల 2300 మంది పిల్లల పాదముద్రలు తీసి చూడగా, బూట్లు చెప్పులు తొడిగే పిల్లలలో నూటికి 8.6 మందికి, వట్టి కాళ్ళతో తిరిగే పిల్లలలో నూటికి 2.8 మందికి చదును పాదములు కనబడినవి. ముందు భాగము మూసి ఉండే బూట్లు తొడిగేవారిలో అది ఎక్కువ. మా ప్రాంతములో దీనికి సాక్ష్యము వెతకనక్కరలేదు. నాగోబా జాతర కొరకు మెస్రం వంశీయులు హస్తినమడుగు నుండి గోదావరి జలము తేవడానికి యేటేటా వట్టి కాళ్ళతో కేస్లాపూర్ నుండి నడచి పోయి వస్తారు. వారిలో పిల్లలు ఉంటారు, వృద్ధులు ఉంటారు. ఆరోగ్యముగా ఉన్న పాదమును నేల చెడగొట్టదు. అందుచేత మా పిల్లలందరికీ అట్టలు కొనిపెట్టాలని ఆరాటపడే తల్లిదండ్రులకు మేము చెప్పేది: నొప్పి లేకపోతే ఆడుకోనివ్వండి. ముల్లు, గాజు పెంకు, కొంకి పురుగుల భయము ఉన్న చోట చెప్పులు వేయండి. వంపు కొరకు కాదు.

అట్టలు అసలే వ్యర్థమని మా అభిప్రాయము కాదు. ఎత్తువంపు పాదములతో బాధపడుతున్న 154 మందికి ఆస్ట్రేలియాలో అచ్చు తీసి అట్టలు చేయించి ఇస్తే వారి నొప్పి స్పష్టముగా తగ్గినదని 2006లో తేలినది. ఉదయము మంచము దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్లయ్యే నొప్పి మా ఉపాధ్యాయ లోకమునకు చిరపరిచితము; రోజంతా నిలబడి చెప్పే వృత్తి కదా. దానికీ అట్ట కొంతకాలము ఉపశమనము ఇస్తుంది. అయితే పాదమునకు కొలత తీసి చేసిన ఖరీదైన అట్టకు, దుకాణములో సిద్ధముగా దొరికే చౌక అట్టకు ఆ నొప్పి విషయములో పెద్ద వ్యత్యాసము లేదని అదే దేశములో, అదే సంవత్సరము మరొక పరిశోధన చెప్పినది. ఖరీదును చూచి గుణమును నిర్ణయించే మన అలవాటును మార్చుకోవడానికి ఇది ఒక్కటి చాలదా?

నడకను చదివే విద్య మన అంగడిలోనే ఉన్నది. చెట్టు క్రింద కూర్చొని చెప్పులు కుట్టే మోచీకి అరిగిన చెప్పు ఇవ్వండి. తిరగవేసి చూచి మీ నడక చెబుతాడు. మడమ వెనుక బయటి మూల కొద్దిగా అరగడము సహజము. లోపలి అంచు అంతా అరిగితే పాదము లోపలికి కూలుతున్నది. బయటి అంచు మొదటి నుండి చివరి వరకు అరిగితే బిరుసు పాదము. ఒక చెప్పు మాత్రమే త్వరగా అరిగితే ఆ మనిషికి ఒక కాలు పొట్టి, లేదా ఎక్కడో నొప్పిని తప్పించుకొంటున్నాడు. చెప్పు ముందు కొన గీసుకొని పోయి, నడిచేటప్పుడు పాదము టప్పుమని నేలకు తగులుతుంటే, అది చీలమండను పైకి లేపే నరము దెబ్బతిన్న గుర్తు. ఆ మనిషికి కావలసినది అట్ట కాదు, పాదమును పైకి పట్టి ఉంచే పట్టీ, అంతకంటే ముందు వైద్యుడు. పలక మీద కదలక నిలబడిన క్షణము కంటే ఆరు నెలలు తొడిగిన చెప్పు ఎక్కువ నిజము చెబుతుందని మాకు తోస్తున్నది.

ఇక పెద్దాయన సంగతి. మేమందరము చచా అని పిలిచేవారము. ఇరవై యేండ్లుగా షుగర్ వ్యాధి. అరికాళ్ళు మొద్దుబారినవని ఆయన ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. నొప్పి లేని చోట ఎవరు ఫిర్యాదు చేస్తారు? ఎవరో చెప్పగా కుమారుడు ప్రేమతో ఆక్యుప్రెషర్ చెప్పులు తెచ్చి ఇచ్చినాడు. అరికాలి క్రింద గట్టి బుడిపెలు ఉండి, రక్తము పారిస్తాయని, షుగరు దింపుతాయని బజారులో అమ్మేవి. చచా వాటినే తొడిగి తిరిగేవారు. మే మాసములో ఒక మధ్యాహ్నము, నల్లాల నుండి గడప వరకు కాగుతున్న బండల మీద అందరూ గబగబ అడుగులు వేసి పోతుంటే, ఆయన ఒక్కరే నిదానముగా, ఏ తొందరా లేకుండా నడచి వచ్చినారు. ఆయన ఓర్పును మేము మెచ్చుకొన్నాము కూడా! ఇంటికి పోయిన తరువాత కోడలు నేల మీద తడి మరకలు చూచి కేక వేసినది. రెండు అరికాళ్ళూ పొక్కులు లేచి పగిలి ఉన్నవి. బుడిపెలు ఒత్తిన చోట లోపల అప్పటికే పుండు ఉన్నది. చివరకు రెండు వ్రేళ్ళు తీసివేయవలసి వచ్చినది.

ఈ మొద్దుబారిన పాదము కథను ప్రపంచమునకు విప్పి చెప్పినది మన దక్షిణ దేశమే. కుష్ఠురోగుల పాదములు రోగము వలన కుళ్ళి రాలిపోతాయని లోకము నమ్మిన కాలములో, 1946లో వేలూరు వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు (ఆయన పుట్టినదీ తమిళ దేశపు కొల్లి కొండలలోనే, 1914లో) ఆ పుండ్లకు కారణము స్పర్శ లేకపోవడమని కనుగొన్నాడు. మనకు చెప్పులో రాయి దూరితే వెంటనే దులుపుకొంటాము. ఎక్కువ దూరము నడిస్తే తెలియకుండానే అడుగు మార్చి బరువును ప్రక్కకు జరుపుతాము. స్పర్శ లేనివాడు అదే చోట, అదే ఒత్తిడితో, వేల అడుగులు వేస్తాడు. అందుకని వేలూరు, కారిగిరి కేంద్రములలో ఆ పాదమునకు తగిన చెప్పును వెతికినారు. సన్నని గాలి బుడగలతో నిండిన మెత్తని రబ్బరు అట్ట దొరికినది. దానినే మైక్రోసెల్యులర్ రబ్బరు, పొట్టిగా ఎం.సి.ఆర్. అంటారు. 1966లో బ్రాండ్ అమెరికాలోని కార్‌విల్‌కు పోయిన తరువాత, అదే జ్ఞానము షుగర్ రోగుల పాదములకు కూడా అన్వయించినది.

మా ఉత్తర తెలంగాణలో డిచ్‌పల్లి కుష్ఠు వైద్యశాల పేరు వినని పెద్దలు తక్కువ. 1915లో స్కాట్లండు వైద్యురాలు ఇసబెల్ కెర్ దానిని స్థాపించినది. అక్కడి నుండి స్వస్థులై తిరిగి వచ్చినవారిని చూచిన కండ్లు ఇప్పటికీ ఉన్నవి. 2005 డిసెంబరులో దేశస్థాయిలో కుష్ఠు వ్యాధి ప్రజారోగ్య సమస్యగా తొలగినదని ప్రభుత్వము ప్రకటించినది. రోగము తగ్గినా పోయిన స్పర్శ తిరిగి రాదు గనుక వారికి ఎం.సి.ఆర్. చెప్పులను ప్రభుత్వ పథకము క్రింద ఉచితముగా ఇస్తున్నారు. మంచిదే. కాని 2023లో ప్రకటించిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము ప్రకారము ఈ దేశములో షుగర్ రోగులు 10.1 కోట్ల మంది. వారిలో స్పర్శ పోయినవారికి కావలసినదీ అదే రబ్బరు, అదే చెప్పు. దానిని వారికి ఇచ్చే ఏర్పాటు మా మండలములో మేము చూడలేదు. అడిగితే, "అది కుష్ఠు చెప్పు కదా" అని వెనుకకు జరిగేవారిని మాత్రము చూచినాము. చచా ఇంటివారు కూడా మొదట ఆ మాటే అన్నారు. చెప్పునకు కూడా రోగపు పేరు అంటగట్టి, దానిని తొడగడానికి సిగ్గుపడి, వ్రేళ్ళు పోగొట్టుకోవడానికి మాత్రము సిద్ధపడతామా?

ఈ చెప్పులో రహస్యము పెద్దది కాదు. స్పర్శ లేని పాదమునకు వంపును ఎత్తే గట్టి ఊతము పనికిరాదు. అది క్రొత్త ఒత్తిడి, క్రొత్త పుండు. బరువు పాదమంతటా సమముగా పరచుకోవాలి. రబ్బరు గట్టిదనమును కొలిచే షోర్ మాపకము మీద సుమారు 15 డిగ్రీల మెత్తదనము ఉండాలి. బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ నొక్కితే సగానికి కుంగి, వదలగానే లేవాలి. దాని క్రింద ముల్లు దిగని గట్టి అడుగు. ఎక్కడా మేకు కొట్టరాదు, జిగురుతోను దారముతోను అతకాలి. మడమ వెనుక పట్టీ తప్పనిసరి. లేకపోతే చెప్పు జారిపోయినదీ తెలియదు. బొటనవ్రేలి సందున దూరే పట్టీ కూడదు. కొలత సాయంత్రము, పాదము కొంచెము ఉబ్బిన వేళ తీయాలి. తొడిగేముందు చెప్పులో చేయి పెట్టి తడిమి చూడాలి.

విదేశపు అట్ట మన దేశములో పనికిరాకపోవడానికి మరొక కారణము ఉన్నది. అది మూసిన బూటులో పగలంతా ఉండడానికి చేసినది. మనము ఇంటి గడపలో, మస్జిదు మెట్ల వద్ద, గుడి ముందు, పెండ్లి పందిరిలో చెప్పులు విడుస్తాము. ఇంట్లో వట్టి కాళ్ళతో తిరిగే మనిషికి, రోజులో రెండు గంటలు తొడిగే బూటులో ఎంత మంచి అట్ట ఉంటే ఏమి? కాబట్టి మొద్దుబారిన పాదములు గలవారికి ఇంట్లో తొడగడానికి వేరే ఒక జత ఉండి తీరాలి. దీనిని అమర్యాదగా భావించే ఇంటి పెద్దలకు కోడండ్లు చెప్పలేరు. మా వంటివారు చెప్పాలి. వజూ చేసేవారికి ఒక సౌలభ్యము ఉన్నది. దినమునకు ఐదు మార్లు పాదములు కడుగుతాము, వ్రేళ్ళ సందులలో నీరు పోనిస్తాము. ఆ ఐదింటిలో ఒక్కసారి ఆగి, అరికాలు త్రిప్పి చూచుకొంటే, కంటికి ఆనకపోతే మనుమని చేత చూపించుకొంటే, తరువాత వ్రేళ్ళ సందున తడి లేకుండా తుడుచుకొంటే, దీనికి ఖర్చు ఏమున్నది? స్పర్శ ఉన్నదో లేదో తేల్చడానికి వైద్యులు వాడేది కూడా పది గ్రాముల ఒత్తిడికి వంగే ఒక నైలాను పోగు మాత్రమే. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఆ పోగు, ఒక ఎం.సి.ఆర్. చెప్పుల మూట, వాటిని కుట్టడము నేర్చిన ఒక మోచీ ఉండాలని మేము కోరుతున్నాము. వంపులేని పిల్లల కొరకు నగరములో యంత్రములు అరగంట దూరానికి ఒకటి వెలసినవి. వ్రేళ్ళు పోతున్న పెద్దల కొరకు మా వద్ద ఈ మూడూ లేవు.

మస్జిదు పెద్దలు ఇప్పుడు నల్లాల నుండి గడప వరకు కొబ్బరిపీచు పట్టా పరిపించినారు. వేసవిలో దాని మీద నీళ్ళు చల్లుతారు. మా విద్యార్థి ఉట్నూరులో ఒక దుకాణములో పని చేస్తున్నాడు. ఆ అట్టలు ఇంకా దాచి పెట్టినానని మొన్న కలిసినప్పుడు చెప్పినాడు, ఎందుకో మేము అడగలేదు. చచాకు ఆస్పత్రిలో తీసిన కొలత కాగితమును, హైదరాబాదు నుండి తెప్పించిన రబ్బరు అట్టను మన అంగడి మోచీకి ఇచ్చినాము. అతను మేకు లేకుండా కుట్టడమేమిటని మొదట నవ్వి, పోయిన వ్రేళ్ళ చోట మెత్త నింపి, మూడు రోజులలో జత తయారు చేసినాడు. మెత్తని రబ్బరు అణగిపోతుంది గనుక ఆ జత తొమ్మిది నెలలు వచ్చినది. చచా ఇప్పుడు రెండవ జత తొడుగుతున్నారు. ఇంట్లో తొడిగే జతను కోడలు గోరింటాకు రంగు పట్టీలతో కుట్టించినదని ఆయన కొంచెము విసుక్కొంటారు గాని, విడువడము లేదు.